ముప్పై రోజుల గడువు ఎట్లా వచ్చింది

మన సమాఖ్య నివేదికలో ప్రతి సంవత్సరం పొదుపులు, లింకేజీ, రికవరీ లెక్కలు వేస్తాం. ఈసారి వాటితో పాటు ఒక కాగితం కథ కూడా రాయాలని ఈసీ మీటింగులో అనుకున్నాం. ఎందుకంటే పోయిన సంవత్సరం మూడు నాలుగు గ్రామ సమాఖ్యల నుంచి ఒకటే మాట విన్నాం. "సమాచార హక్కు కింద అర్జీ పెట్టాం, జవాబు రాలేదు, ఇంక ఊరుకున్నాం" అని. అట్లా ఊరుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం. అందుకని ముందు మా తప్పు చెప్పుకుని, తర్వాత చరిత్రలోకి వెళ్తాం.

మా గ్రూపు వాయిదా ఏ నెలా తప్పలేదు. వాయిదాలు సరిగ్గా కడితే వడ్డీ రాయితీ తిరిగి గ్రూపు ఖాతాలో పడాలి. పక్క గ్రూపులకు పడింది, మాకు పడలేదు. ఆఫీసుకు పోతే "పైకి పంపాం" అన్నారు. మళ్లీ పోతే "పైనుంచి రావాలి" అన్నారు. ఏ తేదీన పంపారు, ఏ ఖాతా నంబరుతో పంపారు, ఆ కాగితాల నకళ్లు ఇవ్వండి అని తెల్లకాగితం మీద రాసి ఇచ్చి వచ్చాం. రశీదు అడగలేదు. అడిగితే సారు ఏమనుకుంటారో అని మొహమాటం. సంక్రాంతి పోయింది, ఉగాది పోయింది. నాలుగు నెలలు చూసి వెళ్లి అడిగితే "మీ అర్జీ ఏదీ మా దగ్గర లేదమ్మా" అన్నారు. ఆయన అబద్ధం చెప్పారని మేము అనటం లేదు. ఇచ్చినట్టు రుజువు మా చేతిలో లేదు, అంతే.

అప్పుడు గానీ మేము చట్టం పుస్తకం తెప్పించుకుని చదవలేదు. మాలో ఎక్కువమంది పదో తరగతి లోపు చదివినవాళ్లమే, ఒక్కో సెక్షను రెండుసార్లు చదివితే గానీ ఎక్కలేదు. చదివిన కొద్దీ, ఆ 30 రోజులు అనే అంకె వెనకాల ఎంతమంది కూలి ఆడవాళ్లు ఎండలో కూర్చున్నారో తెలిసింది.

ఈ కథ రాజస్థాన్‌లో మొదలైంది. రాజసమంద్, అజ్మీర్, పాలి జిల్లాల వైపు వానలు తక్కువ. పంట పోతే జనానికి సర్కారు పెట్టే కరువు పనులే దిక్కు. 1987లో అరుణా రాయ్, నిఖిల్ దే, శంకర్ సింగ్ అనే ముగ్గురు దేవ్‌డూంగ్రీ అనే చిన్న ఊరికి వచ్చి మట్టి ఇంట్లో కాపురం పెట్టారు. అరుణా రాయ్ అంతకు చాలా ముందే, 1975లో, ఐఏఎస్ ఉద్యోగం వదిలేసిన మనిషి. అక్కడ కూలీలకు సర్కారు చెప్పిన కనీస కూలి ముట్టేది కాదు. అడిగితే "మీరు కొలత ప్రకారం పని చేయలేదు, రికార్డులో అట్లాగే ఉంది" అనేవాళ్లు. ఆ రికార్డు చూపించమంటే అది సర్కారు రహస్యం అనేవాళ్లు. చెరువులో మట్టి తవ్వింది వాళ్లు, తట్ట మోసింది వాళ్లు. ఎంత తవ్వారో రాసిన పుస్తకం మాత్రం వాళ్లు చూడకూడదు.

1990 మే 1న ఆ కూలీలు, చిన్న రైతులు కలిసి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అని పెట్టుకున్నారు. 1994 డిసెంబరు 2న పాలి జిల్లా కోట్ కిరానాలో మొదటి బహిరంగ విచారణ జరిపారు. మస్టర్లలో ఉన్న పేర్లు అందరి ముందూ చదివారు. పని చేయనివాళ్ల పేర్ల మీద కూలి డబ్బు లేచిపోయిన సంగతి అట్లా బయటపడింది. మన ఊళ్లల్లో ఉపాధి పనులకు 2006 నుంచి సోషల్ ఆడిట్ వాళ్లు వచ్చి మస్టర్లు చదువుతున్నారు కదా, దానికి ముందునడక అదే. అయితే అప్పటికి కాగితం ఇచ్చి తీరాలన్న చట్టం లేదు. ఇచ్చే మనసున్న అధికారి ఉంటే దొరికేది, లేకపోతే లేదు.

ఇక్కడి నుంచే మన ఆలస్యం కథ. 1995 ఏప్రిల్ 5న రాజస్థాన్ ముఖ్యమంత్రి భైరోన్ సింగ్ షెకావత్ శాసనసభలోనే చెప్పారు, ఊళ్లల్లో జరిగే అభివృద్ధి పనుల కాగితాలు జనానికి నకళ్లు ఇస్తామని. జనం సంతోషపడ్డారు. ఆఫీసులకు వెళ్లి అడిగారు. ఉత్తర్వు రాలేదన్నారు. సంవత్సరం తిరిగింది. ఉత్తర్వు రాలేదు. మాట ఇచ్చిన ఏడాది దాటిన మర్నాడు, 1996 ఏప్రిల్ 6న, అజ్మీర్ దగ్గరి బ్యావర్ పట్నంలో చాంగ్ గేట్ దగ్గర ధర్నాకు కూర్చున్నారు.

సర్కారు అప్పుడు హడావుడిగా ఒక ఉత్తర్వు ఇచ్చింది. అందులో ఏముందంటే, కాగితం చూసుకోవచ్చు, చేత్తో రాసుకోవచ్చు, జిరాక్సు మాత్రం ఇవ్వరు. చదువు రానివాళ్లు చేత్తో ఏం రాసుకుంటారు? రాసుకున్నా దానికి విలువేముంది? మన బుక్ కీపరు రాసిన పుస్తకం బ్యాంకులో చూపించబోతే "మీరు రాసుకున్నది కాదమ్మా, స్టేట్‌మెంట్ తెండి" అనరా? కూలీలకు ఆ సంగతి బాగా తెలుసు. లేవలేదు. ఊళ్ల నుంచి వంతులవారీగా వచ్చారు, తిండిగింజలు తెచ్చుకున్నారు. కూరగాయలు అమ్ముకునేవాళ్లు కూరగాయలు ఇచ్చారు. 40 రోజులు నడిచింది.

1997లో మళ్లీ జైపూర్‌లో కూర్చున్నారు, ఈసారి 53 రోజులు. చివర్న ఉప ముఖ్యమంత్రి ఏమన్నారంటే, పంచాయతీ కాగితాలకు నకళ్లు ఇవ్వాలన్న ఉత్తర్వు ఆరు నెలల కిందే ఇచ్చేశామని! కాగితాలు చూపించమనే ఉత్తర్వునే ఎవరికీ చూపించకుండా దాచారు. ఇది చదివినప్పుడు మీటింగులో అందరం పడి పడి నవ్వాం. తర్వాత ఒకామె "మనకూ ఎన్ని జీవోలు అట్లా వచ్చి ఉన్నాయో" అంది. నవ్వు ఆగిపోయింది.

ఆ సంఘంలో సుశీల అని ఒకామె ఉండేది. నాలుగో తరగతి చదువు. ఢిల్లీలో పత్రికలవాళ్లు నీకెందుకమ్మా సమాచార హక్కు అని అడిగారట. కొడుక్కి పది రూపాయలిచ్చి బజారుకు పంపితే ఇంటికొచ్చాక లెక్క అడుగుతాను, సర్కారు నా పేరు మీద కోట్లు ఖర్చు పెడుతుంటే లెక్క అడగకూడదా అందట. పెద్ద పెద్ద లాయర్ల వాదన కన్నా ఈ మాటే మనకు తొందరగా తలకెక్కుతుంది.

తర్వాత రాష్ట్రాలు ఒక్కొక్కటే చట్టాలు చేసుకున్నాయి. 1997లో తమిళనాడు, గోవా. 2000లో రాజస్థాన్, కర్ణాటక. ఇంకొన్ని. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ జాబితాలో లేదు. 2002లో కేంద్రం కూడా ఒక చట్టం చేసింది. అందులో 30 రోజుల గడువు ఉంది. కానీ గడువు దాటిస్తే అధికారికి జరిమానా లేదు, బయట వినే కమిషన్ లేదు, అప్పీలు కూడా సర్కారు దగ్గరికే పోవాలి. మన గ్రూపు మీటింగుకు ఆలస్యంగా వస్తే జరిమానా అని మొదటి రోజే తీర్మానం రాసుకున్నాం కదా. ఆ జరిమానా లేకపోతే ఎంతమంది టైముకు వచ్చేవాళ్లు? ఆ 2002 చట్టం అసలు అమల్లోకే రాలేదు.

2005లో వచ్చిన చట్టం అట్లాంటిది కాదు. మే 11న లోక్‌సభ, మర్నాడు రాజ్యసభ ఆమోదించాయి. అక్టోబరు 12 నుంచి అమలు. గడువు అదే 30 రోజులు. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సంగతైతే 48 గంటలు. మనం తప్పు ఆఫీసులో ఇచ్చినా వాళ్లు 5 రోజుల్లో సరైన ఆఫీసుకు పంపాలి గానీ తిప్పి కొట్టకూడదు. ఎందుకు అడుగుతున్నావని అడిగే హక్కు వాళ్లకు లేదు. రాయటం రానివాళ్లు నోటితో చెబితే ఆ అధికారే రాసుకోవటానికి సాయం చేయాలి.

మాకు అన్నింటికన్నా గట్టిగా అనిపించింది 7వ సెక్షను. గడువులోపు జవాబు ఇవ్వకపోతే, ఇవ్వనని చెప్పినట్టే లెక్క అని అందులో రాశారు. అంటే వాళ్లు నోరు మెదపకపోయినా, ఎదురుచూస్తూ కూర్చోవాల్సిన పని లేదు. 31వ రోజే పై అధికారికి మొదటి అప్పీలు వేయొచ్చు. గడువు దాటాక కాగితాలు ఇస్తే పేజీకి డబ్బు కూడా తీసుకోకూడదు. ఇవ్వకపోవటం సరైనదే అని రుజువు చేసుకోవాల్సింది కూడా ఆ అధికారే, మనం కాదు.

కానీ మనకూ గడువు ఉంది, మేము ఓడింది అక్కడే. ఆ 30 రోజులు అయిపోయాక మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. మేము నాలుగు నెలలు చూశాం. రశీదు ఉన్నా మాకు ఆ తేదీ దాటిపోయేది. సరైన కారణం చూపిస్తే ఆలస్యమైనా తీసుకోవచ్చని చట్టంలో ఉంది గానీ, "మొహమాటపడ్డాం" అనేది కారణం కింద ఎట్లా రాస్తాం?

ఇంకో సంగతి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున, ఎక్కువలో ఎక్కువ 25,000 రూపాయల జరిమానా వేయొచ్చు. అది ఆయన జేబులోంచే కట్టాలి. ఆ డబ్బు మనకొస్తుందని కొందరు అక్కలు అనుకుంటున్నారు. రాదు, సర్కారుకు పోతుంది. మనకు నష్టం జరిగిందని కమిషన్ నమ్మితే ఆఫీసు నుంచి పరిహారం ఇప్పించొచ్చు, అది వేరే.

మేము రెండోసారి అర్జీ పెట్టాం. మన దగ్గర ఊరి స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. తెల్లకార్డు వాళ్లకు అదీ లేదు, కార్డు జిరాక్సు పెడితే చాలు. ఈసారి రెండు కాపీలు తీసుకెళ్లాం. రెండో దాని మీద సీలు, తేదీ, ఇన్‌వార్డు నంబరు వేయించుకునేదాకా కౌంటరు దగ్గర్నుంచి కదల్లేదు. "అంత నమ్మకం లేదా అమ్మా" అన్నారు. "మా పుస్తకంలో అంటించుకోవాలండీ" అన్నాం. 30 రోజులు క్యాలెండరులో కొట్టేసుకుంటూ వచ్చాం. జవాబు రాలేదు. 33వ రోజున మొదటి అప్పీలు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. అప్పీలుకు పెద్ద భాష అక్కర్లేదు. ఫలానా తేదీన అడిగాం, ఇన్‌వార్డు నంబరు ఇది, 30 రోజులు దాటింది, జవాబు లేదు, ఉచితంగా ఇప్పించండి అని ఐదు వాక్యాలు రాశాం.

19 రోజులకు 14 పేజీలు వచ్చాయి. డబ్బు అడగలేదు. చూస్తే మా రాయితీ జాబితాలో పేరు ఉంది, తేదీ ఉంది, ఖాతా నంబరు మాత్రం పాతది. మా ఖాతా నంబరు మారిన సంగతి ఆఫీసు లిస్టులో ఎక్కలేదు. ఎవరూ తినలేదు, ఎవరూ దాచలేదు. ఒక నంబరు తప్పు! ఆ ఒక్క పేజీ మొదట్లోనే చూపించి ఉంటే మేమే ఆ రోజే దిద్దించుకునేవాళ్లం. నంబరు మార్చాక ఒక సంవత్సరం రాయితీ వచ్చి పడింది.

అంతకు ముందు సంవత్సరానిది రాలేదు. దాని కాగితాలు అడిగితే "పరిశీలనలో ఉంది" అని ఒక్క ముక్క రాశారు. మేము అడిగింది కాగితం, ఇచ్చింది మాట. మొదటి అప్పీలు అధికారి 30 రోజుల్లో, మరీ అయితే కారణం రాసి 45 రోజుల్లో తేల్చాలి. అక్కడ న్యాయం జరగలేదనుకుంటే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు పంపాలి. పంపాం.

ఇక్కడ చట్టంలో ఒక లోటు ఉంది, దాచకుండా చెప్పాలి. రెండో అప్పీలును కమిషన్ ఇన్ని రోజుల్లో తేల్చాలని ఎక్కడా రాయలేదు. అందరికీ గడువు పెట్టి ఆఖరి మెట్టుకు పెట్టలేదు. కమిషనర్ల కుర్చీలు ఖాళీగా ఉంటే అర్జీలు గుట్టలు పడతాయి. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఖాళీలు సకాలంలో నింపాలని తీర్పు ఇచ్చింది. అయినా పక్కనే తెలంగాణలో 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా కమిషనర్లు లేకుండానే గడిచింది. అర్జీ పెట్టిన మనిషి ఎక్కడికి పోతుంది? బ్యావర్‌లో కూర్చున్నవాళ్లు అడిగిన "ఎన్నాళ్లు" అనే ప్రశ్నకు ఆ మెట్టు దగ్గర ఇంకా జవాబు లేదు.

మా రెండో అప్పీలు ఈ నివేదిక అచ్చుకు పోయేనాటికి విచారణకు రాలేదు. దాని నకలు, మొదటి అప్పీలు, సీలు వేయించుకున్న అర్జీ, పోస్టు రశీదు అన్నీ సమాఖ్య ఆఫీసు బీరువాలో రెండో అరలో నీలం ఫైలులో పెట్టాం. ఏ గ్రూపు వాళ్లయినా వచ్చి చూసి, పేర్లు, తేదీలు మార్చి రాసుకోవచ్చు. రాయటానికి మనిషి కావాలంటే నెలవారీ మీటింగు రోజున మధ్యాహ్నం భోజనాలయ్యాక మాలో ఒకరు అక్కడే ఉంటారు. వచ్చేటప్పుడు గ్రూపు పాస్‌బుక్కు తెచ్చుకోండి, ముందు ఖాతా నంబరు సరిచూద్దాం.