మంజీర ఒడ్డున మన తారీఖు



ప్రపంచ పటంలో ఇటలీ దేశం కాలి బూటు ఆకారంలో కనబడుతుంది. ఆ బూటు కొన దగ్గర, మధ్యధరా సముద్రంలో, సిసిలీ అనే పెద్ద ద్వీపం కలదు. దేశదేశాల జనం దానిని చూడటానికి పోతారు. అక్కడ ఎట్నా అనే అగ్నిపర్వతం ఉన్నది, గ్రీకుల పాత గుళ్ళు ఉన్నవి, చర్చీలు ఉన్నవి. తొమ్మిదో శతాబ్దంలో అరబ్బులు ఆ ద్వీపానికి పోయి కాలువలు పారించి నిమ్మ, నారింజ, చెరకు తోటలు పెంచినారు. తర్వాత రాజ్యం నార్మన్ రాజుల చేతికి పోయింది. అయినా రెండవ రోజర్ అనే క్రైస్తవ రాజు కొలువులో ఉండి అల్ ఇద్రీసీ అనే ముస్లిం పండితుడు 1154లో తన భూగోళ గ్రంథం పూర్తి చేసినాడు. పాలెర్మో నగరంలోని పెద్ద చర్చి స్థలంలో మొదట చర్చి, ఆ తర్వాత మసీదు, మళ్ళీ చర్చి ఉన్నవి. దాని వాకిట్లో ఒక స్తంభం మీద ఖుర్‌ఆన్ వాక్యం నేటికీ చెక్కి ఉన్నది. ప్రకృతి, మనిషి చేతి పని, మతము, ఈ మూడూ ఒక్కచోట కలిసిన గడ్డ కనుకనే జనం అంత దూరం పోయి చూస్తున్నారు.

క్లాసులో ఈ పాఠం చెప్పినప్పుడు పిల్లలు, "సార్, మనం పోగలమా అక్కడికి?" అని అడుగుతారు. పోగలవారు తప్పక పోవాలె. కాని అటువంటి గడ్డ చూడటానికి ఓడ, విమానం అక్కర లేదు. బాన్సువాడ బస్టాండులో బస్సు ఎక్కితే చాలు. మన గడ్డకు సముద్రం లేదు గాని మంజీర ఉన్నది. మహారాష్ట్రలో బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటకలో బీదర్ జిల్లా దాటి, మన రాష్ట్రంలోకి వచ్చి, ఉత్తరానికి మళ్ళి, సుమారు 724 కిలోమీటర్లు నడిచి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఈ నది వెంట ఎగువ నుంచి దిగువకు ఒకసారి పోయి వద్దాం.

ఏడు పాయల నడుమ

మెదక్ దగ్గర నాగ్సాన్‌పల్లి వద్ద మంజీర ఏడు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ, బండరాళ్ళ మధ్య, ద్వీపం లాంటి చోట వనదుర్గా భవాని గుడి ఉన్నది. మహాశివరాత్రికి అక్కడ పెద్ద జాతర జరుగుతుంది. వానాకాలంలో నది పొంగితే గుడి ముందర నీళ్ళే నీళ్ళు.

ఆ గుడికి దగ్గరలోనే ఘన్‌పూర్ ఆనకట్ట ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1905లో, కట్టినారు. దాని నుంచి రెండు కాలువలు తీసినారు. ఒకటి మహబూబ్ నహర్, రెండోది ఫతే నహర్. నహర్ అంటే ఉర్దూలో కాలువ. అమ్మవారికి మొక్కి వచ్చే రైతు మహబూబ్ నహర్ నీళ్ళతో నాటు వేస్తాడు. ఆ నీటికి కులం గాని మతం గాని ఎవరూ అడగలేదు.

అక్కడి నుంచి మెదక్ పట్నం దగ్గరే. కుతుబ్‌షాహీ కాలంలో దీనికి గుల్షనాబాద్, అనగా పూలతోట ఊరు, అని పేరు. గుట్ట మీద కాకతీయుల నాటి కోట, కోటలో కుతుబ్‌షాహీల మసీదు ఉన్నవి. కింద పట్నంలో ప్రఖ్యాతి గాంచిన చర్చి ఉన్నది. కరువు రోజుల్లో జనానికి పని పెట్టి కడుపు నింపాలని రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర దీనిని మొదలుపెట్టించినారు. పని 1914లో ఆరంభమై, 1924 డిసెంబరు 25న చర్చి ప్రారంభమైంది. గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు. రంగు అద్దాల కిటికీల్లో ఏసు జీవిత ఘట్టాలు ఎండ పడ్డప్పుడు వెలుగుతాయి. పని చేసింది మాత్రం ఈ చుట్టుపక్కల ఊర్ల కూలి జనమే.

మెదక్ నుంచి ఎల్లారెడ్డి దిక్కు వస్తుంటే పోచారం చెరువు వస్తుంది. 1916, 1922 మధ్య కట్టిన ఆనకట్ట ఇది. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాం వేటాడిన చోటు. 1952లో దానిని అభయారణ్యం చేసినారు. జింకలు, నెమళ్ళు, చలికాలం వలస వచ్చే పక్షులు కనబడుతవి. 2025 ఆగస్టు చివరలో కామారెడ్డి, మెదక్ జిల్లాలను ముంచెత్తిన వరదలో ఈ వందేళ్ళ కట్ట ఏమవుతుందో అని అందరూ భయపడ్డారు. కట్ట నిలబడ్డది. పాతకాలపు మేస్త్రీల పనితనం ఎట్లాంటిదో పుస్తకం తెరవకుండనే మన పిల్లలకు తెలిసింది.

నిజాంసాగర్

ఇగ మన నిజాంసాగర్. మన ఇండ్లలో దీని పేరు వినని పిల్లవాడు లేడు. కాని దీని తారీఖు తెలిసిన పెద్దవారు ఎందరు?

అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య మంజీరకు అడ్డంగా 1923లో పని మొదలుపెట్టి 1931లో పూర్తి చేసినారు. ఏలుబడి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ది. చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదుర్. వారి అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జులై 11న పుట్టి, ఇంగ్లండులో కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి వచ్చి, హిమాయత్‌సాగర్ వంటి ఎన్నో పనులు చేయించి, 1949లో కాలం చేసినారు. వారు పుట్టిన తేదీనే మన రాష్ట్రంలో ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు. కట్ట పొడవు సుమారు 3 కిలోమీటర్లు, దాని మీద 14 అడుగుల బాట. మొదట అనుకున్న సాగు 2 లక్షల 75 వేల ఎకరాలు.

మనవారు ఈ సంగతులు చెప్పుకొని గర్వపడతారు. గర్వపడటం తప్పు కాదు. కాని తారీఖు అంతటితో ఆగిపోదు. జలాశయం కోసం సుమారు 40 గ్రామాలు ఖాళీ చేయించినారు. ఆ ఊర్లలో గుళ్ళుండె, మసీదులుండె, ఖబ్రస్తాన్లుండె, తాతల నాటి మామిడి చెట్లుండె. అవన్నీ వదిలి మూటలు నెత్తిన పెట్టుకొని పోయినవారిలో అన్ని కులాల, మతాల జనం ఉన్నారు. రాళ్ళు మోసిన కూలీల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. నవాబుగారి పేరు ఒక్కటే చెప్పి ఈ జనాన్ని మరిచిపోతే మన పాఠం సగమే.

రెండో సంగతి పూడిక. కట్టినప్పుడు ఈ జలాశయంలో దాదాపు 29.7 టీఎంసీల నీళ్ళు పట్టేవి. ఒక టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. ఇప్పుడు లెక్కకు వచ్చేది 17.8 టీఎంసీలు. మిగతా చోటును మట్టి తిన్నది. ఎగువన సింగూరు కట్టిన తర్వాత అక్కడి నీళ్ళలో హైదరాబాదు దాహం తీర్చే వాటా కూడా ఉన్నది. అందుచేత వానలు తక్కువైన సంవత్సరం మన కాలువ ఎండిపోతుంది, మన రైతు ఆకాశం దిక్కు చూస్తాడు. సెలవునాడు పిల్లలతో కట్ట మీద నిలబడి ఫోటో దిగేటప్పుడు ఈ రెండు అంకెలూ వాళ్ళ చెవిన వేయాలె. కొండల మీద చెట్లు నరికితే ఆ మట్టి ఎక్కడికి వచ్చి చేరుతుందో వాళ్ళే అర్థం చేసుకుంటారు.

కాలువ వెంట

నిజాంసాగర్ కాలువ బాన్సువాడ, వర్ని, బోధన్ ప్రాంతాల రూపే మార్చింది. కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొని వరి పండించినారు. వారు కట్టుకున్న ఊర్లను నేటికీ క్యాంపులు అంటాము. చెరకు పండింది గనుక 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దది అని పేరు పొందిన ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డది. సైరన్ విని గడియారం దిద్దుకున్న ఊరిలో నిశ్శబ్దం ఎట్లుంటుందో అక్కడి కార్మిక కుటుంబాలకే ఎరుక.

వర్ని దిక్కు అడవి గుట్టల మీద హజ్రత్ సయ్యద్ సాదుల్లా హుస్సేనీ వారి దర్గా ఉన్నది. మనం బడాపహాడ్ అంటాము. హిందూ సోదరులు పెద్దగుట్ట అంటారు. మాటలు వేరు, అర్థం ఒక్కటే, ఎక్కే మెట్లు కూడా ఒక్కటే. మన జిల్లాల వారే గాక మహారాష్ట్ర నుంచి కూడా వచ్చి కందూరు చేస్తారు. అక్కడ వంట చేసుకొని తిన్న తర్వాత ఆకులు, ప్లాస్టిక్ సంచులు అడవిలోనే పారేసి రావడం మాత్రం బుజుర్గుల దగ్గర చేయదగిన పని కాదు.

బోధన్‌లో దేవల్ మసీదు చూడాలె. నక్షత్రం ఆకారంలో కట్టిన కట్టడం, చెక్కిన స్తంభాలు. మొదట రాష్ట్రకూటుల, చాళుక్యుల కాలపు ఆలయం, 14వ శతాబ్దంలో తుగ్లక్‌ల కాలంలో మసీదు అయింది. పేరులోనే దేవల్ ఉన్నది, మసీదు ఉన్నది. ఇది దాచిపెట్టవలసిన విషయం కాదు, కొట్లాడవలసిన విషయం అంతకంటె కాదు. పాలెర్మోలో చర్చి వాకిట ఖుర్‌ఆన్ స్తంభాన్ని అక్కడివారు కాపాడుకున్నట్లు, రాతి మీద ఉన్నది ఉన్నట్లు చదివి, కాపాడి, తర్వాతి తరానికి అప్పగించడం మన పని. రాజులు పోతారు, రాయి ఉంటుంది, ఇరుగుపొరుగు ఉంటారు.

చివరికి కందకుర్తి. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే చోటు. అక్కడ నిలబడి చూస్తే ఏ నీరు ఏడుపాయలది, ఏ నీరు నిజాంసాగర్‌ది అని విడదీసి చెప్పడం ఎవరితరం కాదు.

ఒక మనవి

సొసైటీ పెద్దలకు మాది ఒక చిన్న మనవి. ప్రతి సంవత్సరం చలికాలం సెలవుల్లో పదో తరగతి పిల్లలను, అబ్బాయిలను అమ్మాయిలను, టీచర్లతో పాటు ఈ దారి వెంట రెండు రోజులు తిప్పాలె. ఒక బస్సు, వంట సామాను ఉంటే చాలు, పెద్ద ఖర్చు కాదు. మన వీధిలోని హిందూ, క్రైస్తవ పిల్లలను కూడా పిలుద్దాం.

రెండోది, నిజాంసాగర్‌లో మునిగిన ఊర్ల పేర్లు రాసిపెట్టాలె. ఆ ఊర్లు వదిలి వచ్చినవారు ఇప్పుడు లేరు. వారి నోట విన్న కొడుకులు, కోడండ్లు కూడా ముసలివారైనారు. ప్రతి విద్యార్థి ఒక నోటుబుక్కు పట్టుకొని, ఇంట్లో నానీ, దాదీలను, పక్కింటి అవ్వ, తాతలను అడిగి, ఊరి పేరు, అక్కడ ఎవరెవరు ఉండేవారు, ఎక్కడికి పోయినారు అని రాసుకు రావాలె. ఉర్దూలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే. వచ్చే సంవత్సరం సావనీరులో ఆ పేర్లు అచ్చు వేద్దాం, ఇన్షా అల్లాహ్.