ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో వసతులు, అత్యవసర చికిత్స

భారతదేశంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలల చరిత్ర ఈస్టిండియా కంపెనీ పాలనలో మొదలవుతుంది. 18వ శతాబ్దిలో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో వెలసిన శరణాలయాలు ముఖ్యంగా మతి చలించిన యూరోపియన్ల కోసం ఏర్పడ్డాయి. మద్రాసులో వాలెంటైన్ కొనోలీ అనే సర్జన్ 1794లో అలాంటిదొకటి ప్రారంభించాడు. 1857 తిరుగుబాటు తర్వాత పాలన బ్రిటిష్ రాణి చేతికి వెళ్లింది. 1858లో లునాటిక్ అసైలమ్స్ చట్టం వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో దేశమంతటా కొత్త శరణాలయాలు కట్టారు. మద్రాసు కీల్పాక్‌లోని శరణాలయం 1871లో తెరుచుకుంది. ఉత్తరాంధ్ర వారికి వాల్తేరు శరణాలయం దిక్కయింది. నిజాం రాజ్యంలో మానసిక ఆసుపత్రి ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నాలో ఉండేది. తెలంగాణ పల్లెల నుంచి రోగిని అంత దూరం పంపిన కుటుంబం మళ్లీ వెళ్లి చూసి రావడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఆ ఆసుపత్రి 1953లో హైదరాబాద్ ఎర్రగడ్డకు మారింది.

ఈ శరణాలయాల ఉద్దేశం రోగిని బాగుచేయడం కన్నా ఊరికి దూరంగా ఉంచడం. ఎత్తైన ప్రహరీలు, ఇనుప ఊచల గదులు, వరసగా ఒంటరి కొట్లు ఉండేవి. చాలాకాలం ఇవి జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్ అజమాయిషీలోనే నడిచాయి. 20వ శతాబ్ది తొలి దశకంలో గానీ సివిల్ సర్జన్ల చేతికి రాలేదు. 1912 నాటి ఇండియన్ లునసీ చట్టం పర్యవేక్షణను కొంత మెరుగుపరిచినా, ఆసుపత్రిలో చేరే దారిని మాత్రం మేజిస్ట్రేటు చేతిలోనే ఉంచింది. వీధిలో ఉద్రేకంతో తిరుగుతున్న మనిషిని పోలీసులు పట్టుకుంటారు, మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇస్తాడు, ఆసుపత్రి తలుపు తెరుచుకుంటుంది. జబ్బు ముదిరిన ఆ మొదటి గంటల్లో రోగి ఎదుర్కొనేది డాక్టరును కాదు, పోలీసును. ఈ వారసత్వం శతాబ్దం దాటినా పూర్తిగా వదలలేదు.

ఆనాడు అత్యవసర చికిత్స అని చెప్పదగినది దాదాపు లేదు. ఉద్రేకంలో ఉన్నవారిని సంకెళ్లతోనో, చేతులు కదలనివ్వని చొక్కాలతోనో కట్టడి చేసేవారు, లేదా ఒంటరి గదిలో వేసి తాళం పెట్టేవారు. క్లోరల్ హైడ్రేట్, పారాల్డిహైడ్, బార్బిచ్యురేట్లు మత్తు కలిగించేవే తప్ప జబ్బును తాకేవి కావు. 1930ల్లో ఇన్సులిన్ కోమా, కార్డియజాల్ మూర్ఛల చికిత్సలు, తర్వాతి దశాబ్దంలో విద్యుత్ చికిత్స (ఈసీటీ) వచ్చాయి. ఈసీటీ తీవ్రమైన కుంగుబాటులో, మనిషి కదలక మెదలక బిగుసుకుపోయే కాటటోనియాలో నిజంగా ప్రాణాలు కాపాడింది. అయితే మత్తు, కండరాల సడలింపు మందు లేకుండా ఇచ్చినచోట ఎముకలు విరగడం, భయం మిగలడం కూడా జరిగాయి. సిబ్బంది కొరత ఉన్న ఆసుపత్రిలో చికిత్సకూ శిక్షకూ మధ్య గీత చెరిగిపోవడం తేలిక.

ఈ చీకట్లోనూ కొందరు డాక్టర్లు వేరే దారి చూపారు. రాంచీలో 1918లో మొదలైన యూరోపియన్ శరణాలయానికి సూపరింటెండెంట్‌గా ఉన్న ఓవెన్ బర్కిలీ హిల్ చేతిపనులు, అలవాట్ల శిక్షణ వంటి పద్ధతులు ప్రవేశపెట్టాడు. 1920ల్లో శరణాలయాలకు మానసిక వైద్యశాలలన్న పేరు రావడంలో ఆయన కృషి ఉంది. స్వాతంత్ర్యం తర్వాత అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ చేసింది ఇంకా పెద్ద పని. ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి, రోగులతో పాటు కుటుంబసభ్యులను అక్కడే ఉండనిచ్చారు. వాళ్లు రోగికి అన్నం పెట్టడం, మందు వేయడం నేర్చుకున్నారు, జబ్బు గురించి తెలుసుకున్నారు. త్వరగా కోలుకుని ఇంటికెళ్లేవారి సంఖ్య పెరిగింది. డబ్బుతో గానీ యంత్రాలతో గానీ పనిలేని సంస్కరణ అది. అయినా చాలా ప్రభుత్వ ఆసుపత్రులు దాన్ని అందిపుచ్చుకోకపోవడం విచారకరం.

సాధారణ పరిస్థితి ఎలా ఉండేదో 1946లో, దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ నివేదిక తేల్చింది. రాంచీ యూరోపియన్ ఆసుపత్రి సూపరింటెండెంట్ కల్నల్ మూర్ టేలర్ దేశమంతా తిరిగి మానసిక వైద్యశాలలను చూసిన వివరాలు అందులో చేరాయి. 40 కోట్ల జనాభాకు ఉన్న పడకలు సుమారు పదివేలు, అంటే 40,000 మందికి ఒకటి. ఇంగ్లండులో అప్పటికి 300 మందికి ఒక పడక ఉండేది. శిక్షణ పొందిన మానసిక వైద్యులను తయారుచేసేందుకు 1954లో బెంగళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. అదే 1974లో నిమ్‌హాన్స్‌గా రూపుదిద్దుకుంది.

1952లో ఫ్రాన్స్‌లో వాడకంలోకి వచ్చిన క్లోర్‌ప్రొమజీన్ కొద్ది ఏళ్లలోనే ఇక్కడికీ చేరింది. భ్రమలనూ ఉద్రేకాన్నీ తగ్గించే మందు దొరకడంతో గొలుసుల అవసరం తగ్గింది, జనరల్ ఆసుపత్రుల్లో మానసిక విభాగాలు పెరిగాయి. ఇక్కడొక చిక్కు వచ్చింది. కొత్తగా జబ్బుపడినవారు, కుటుంబం అండ ఉన్నవారు జనరల్ ఆసుపత్రులకు వెళ్లసాగారు. దిక్కులేనివారు, ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్నవారు పాత వైద్యశాలల్లోనే మిగిలారు. రాజకీయ బలం లేని వారి కోసం బడ్జెట్‌లో నిలబడి అడిగేవారు కరువయ్యారు.

మార్పును కదిలించినది న్యాయస్థానం. రాంచీ కాంకేలోని మానసిక ఆరోగ్యశాల దుస్థితిపై రాకేశ్ చంద్ర నారాయణ్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1986లో కోర్టు ఇచ్చిన ఆదేశాలు చదివితే అక్కడ ఏం లేదో తెలుస్తుంది. ఒక్కో రోగి తిండికి రోజుకు కేటాయించిన 3.50 రూపాయలను కనీసం 10 రూపాయలు చేయాలని, మంచినీళ్లు ఇవ్వాలని, మరుగుదొడ్లు బాగుచేయాలని, పరుపులు, దిండ్లు లేనివారికి ఇవ్వాలని, మందుల ఖర్చుకున్న పరిమితి ఎత్తేసి డాక్టరు రాసిన మందు రాసినట్టు ఇవ్వాలని కోర్టు చెప్పవలసి వచ్చింది. అత్యున్నత న్యాయస్థానం పరుపుల గురించి ఉత్తర్వులివ్వాల్సి రావడం ఆనాటి పాలనకు మాయని మచ్చ. షీలా బర్సే కేసులో 1993లో అదే కోర్టు, నేరం చేయని మానసిక రోగులను జైళ్లలో ఉంచడం చట్టవిరుద్ధమని తేల్చింది. 1987లో చేసిన మానసిక ఆరోగ్య చట్టం అమల్లోకి వచ్చిందీ 1993లోనే. స్వచ్ఛందంగా చేరడాన్ని అది సులభం చేసింది, రోగి పట్ల క్రూరత్వాన్ని నిషేధించింది.

సుప్రీంకోర్టు 1997లో రాంచీ, ఆగ్రా, గ్వాలియర్ ఆసుపత్రుల పర్యవేక్షణను జాతీయ మానవ హక్కుల సంఘానికి అప్పగించింది. ఆ సంఘం నిమ్‌హాన్స్‌తో కలిసి 37 ఆసుపత్రులను పరిశీలించి 1999లో నివేదిక వెలువరించింది. వాటిలో 38 శాతం కట్టిననాటి జైలు రూపాన్నే నిలుపుకున్నాయని, మంచాలకన్నా రోగులు ఎక్కువై కొందరు నేలమీద పడుకుంటున్నారని అందులో ఉంది. ఈ నివేదిక తర్వాత మార్పు కనిపించింది. 1996లో సుమారు 70 శాతంగా ఉన్న కోర్టు ఉత్తర్వుల చేరికలు 2008 నాటికి దాదాపు 20 శాతానికి పడిపోయాయి. పోలీసు, మేజిస్ట్రేటు దారి తగ్గి, కుటుంబం తీసుకొచ్చే దారి పెరిగిందని దీని అర్థం.

ప్రభుత్వ ఆసుపత్రి అందుబాటులో లేనప్పుడు జనం ఎక్కడికి వెళతారో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి చూపింది. దర్గా దగ్గరి ప్రైవేటు ఆశ్రమంలో నిప్పంటుకుని, గొలుసులతో కట్టి ఉంచిన రోగులు తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. వైద్యాన్ని జిల్లాలకు చేర్చే కార్యక్రమం అప్పటికే మొదలైంది. 1996లో దాన్ని ప్రారంభించిన తొలి నాలుగు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి, మెదక్ అందుకు ఎంపికైన జిల్లా.

అత్యవసర వైద్యం వెనకబడటానికి మరో కారణం ఆసుపత్రుల నిర్మాణంలోనే ఉంది. ఉద్రేకంతో వచ్చిన ప్రతివారిదీ మానసిక జబ్బు కాదు. రక్తంలో చక్కెర పడిపోవడం, మెదడు జ్వరం, తలకు దెబ్బ, హఠాత్తుగా మద్యం మానేయడం కూడా మనిషిని అలాగే చేస్తాయి. ఇవి ప్రాణం తీసే పరిస్థితులు. జనరల్ ఆసుపత్రికి దూరంగా ఉన్న మానసిక వైద్యశాలలో రాత్రివేళ ల్యాబు, స్కానింగు, ఫిజీషియన్ లేకపోతే ఆ తేడా పట్టుకోవడం కష్టం. ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చి పొద్దున చూద్దామనుకుంటే రోగి దక్కకపోవచ్చు. ఇంజెక్షన్ల విషయంలో మాత్రం మన దేశంలోనే మంచి పరిశోధన జరిగింది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 200 మంది రోగులపై చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, లొరాజెపామ్ కన్నా హాలోపెరిడాల్, ప్రొమెథజీన్ కలిపి ఇస్తే ఉద్రేకం త్వరగా తగ్గుతుందని తేలింది. రెండూ చవకైన మందులు, మామూలు ప్రభుత్వ ఆసుపత్రిలో దొరికేవి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. అత్యవసర చికిత్సకు ప్రత్యేకంగా ఒక సెక్షన్ కేటాయించింది. రోగి ప్రాణానికో ఇతరులకో తీవ్ర హాని తప్పదనుకున్నప్పుడు రిజిస్టరైన డాక్టరు ఎవరైనా, రోగి తరఫున నిర్ణయాల్లో తోడుండే నామినేటెడ్ ప్రతినిధి అందుబాటులో ఉంటే అతని సమ్మతితో, చికిత్స మొదలుపెట్టవచ్చు. ఇది 72 గంటలకు మించకూడదు. అత్యవసరం పేరుతో ఈసీటీ ఇవ్వడం నిషిద్ధం. మత్తు, సడలింపు మందులు లేని ఈసీటీని, గొలుసులను పూర్తిగా నిషేధించారు. ఒంటరి గదిలో బంధించడానికి వీల్లేదు. కట్టివేత ప్రమాదాన్ని తప్పించే ఏకైక మార్గమైనప్పుడే, బాధ్యుడైన సైకియాట్రిస్టు అనుమతితో, రికార్డులో కారణం రాసి చేయాలి. పోలీసులు కాపాడి తెచ్చిన వ్యక్తిని లాకప్‌లో ఉంచకూడదు, 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. శరీర జబ్బులకు ఉన్నంత నాణ్యమైన అంబులెన్స్ సేవ మానసిక రోగికీ హక్కు. బలవంతంగా గుండు గీయకూడదు, ఇష్టమైన సొంత బట్టలు వేసుకోనివ్వాలి, చేసిన పనికి కూలి ఇవ్వాలి. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అనే ఫోన్ సలహా సేవ 14416 నంబరుతో మొదలైంది. ఆపద వేళ కుటుంబం మొదటి మాట అడగడానికి అదొక ఆసరా.

అయినా 2023 జనవరిలో మానవ హక్కుల సంఘం దేశంలోని 46 ప్రభుత్వ మానసిక వైద్యశాలల స్థితి అమానవీయంగా ఉందని, కోలుకున్నవారిని కూడా చట్టానికి విరుద్ధంగా లోపలే ఉంచుతున్నారని ప్రకటించింది. ఈ రెండో మాటకూ అత్యవసర వైద్యానికీ నేరుగా సంబంధం ఉంది. ఇల్లు లేక, తీసుకెళ్లేవారు లేక మిగిలిపోయినవారితో వార్డులు నిండితే, అర్ధరాత్రి వచ్చిన కొత్త రోగికి పడకా ఉండదు, నర్సూ చాలదు. కుటుంబం లేదన్న కారణంతో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచరాదని, వారికోసం సమాజంలో నివాసాలు ఏర్పాటు చేయడం ప్రభుత్వ బాధ్యతని 2017 చట్టం స్పష్టంగా చెబుతోంది. ఆ నివాసాలకు డబ్బు, స్థలం, సిబ్బంది కేటాయించడం రాష్ట్ర ప్రభుత్వాలు ఇక వాయిదా వేయకూడని పని.