పవర్ ఎలక్ట్రానిక్స్ బోధన (తిరువూరు ప్రాంతం)

విద్యుత్తును సెమీకండక్టర్ స్విచ్‌లతో ఏసీ నుంచి డీసీకి, డీసీ నుంచి ఏసీకి మార్చే శాస్త్రం పవర్ ఎలక్ట్రానిక్స్. ఎన్టీఆర్ జిల్లా తిరువూరులోని శ్రీ వాహిని ఇంజినీరింగ్ కళాశాల కాకినాడ జేఎన్‌టీయూకు అనుబంధం కాబట్టి, ఇక్కడి ఈ చదువుకు మూలం ఆ విశ్వవిద్యాలయ సిలబస్సే. 1946లో మొదలైన, ఇప్పుడు కాకినాడలో ఉన్న ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాల 1972లో జేఎన్‌టీయూలో భాగమైంది. 2008లో ఆ సంస్థ విడిపోయాక కాకినాడది వేరే విశ్వవిద్యాలయమైంది.

ఇక ఈ శాస్త్రం చరిత్రకొస్తే, అంతవరకు పాదరసపు ఆర్క్ రెక్టిఫైయర్లు చేసిన పనిని 1957లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ తయారుచేసిన ఎస్‌సీఆర్ (థైరిస్టర్) తన చేతిలోకి తీసుకుంది. 1980లలో ఐజీబీటీ అనే మరో సెమీకండక్టర్ స్విచ్ వచ్చింది. దాని రూపకల్పనలో ముఖ్యుడు మద్రాసులో పుట్టిన బి. జయంత్ బాలిగ. మన విద్యార్థులకు మాత్రం చాలాకాలం పి.ఎస్. బింబ్రా పుస్తకమే పెద్ద దిక్కు.

ఈ సబ్జెక్టు పుస్తకంతో ఒంటబట్టదు. ఏసీని డీసీగా మార్చే సింగిల్ ఫేజ్ ఫుల్ కన్వర్టర్‌నే చూడండి. 230 వోల్టుల ఏసీ ఇచ్చి ఫైరింగ్ యాంగిల్ (ఎస్‌సీఆర్‌ను ఆన్ చేసే కోణం) 60 డిగ్రీల దగ్గర పెడితే, రెసిస్టెన్స్ లోడ్‌కు సగటున సుమారు 155 వోల్టులు వస్తాయి. లోడ్‌లో పెద్ద ఇండక్టర్ చేర్చి కరెంటు ఎడతెగకుండా చేస్తే అదే కోణంలో సుమారు 103 వోల్టులే. వోల్టేజి సున్నా దాటినా కరెంటు ఆగదు. ఎస్‌సీఆర్ ఇంకా ఆన్‌లోనే ఉంటుంది, తరంగం సున్నా గీత కిందికి దిగుతుంది. సీఆర్‌ఓ (ఆసిలోస్కోప్) తెరపై ఆ దిగిన ముక్కను కళ్లారా చూసిన విద్యార్థికి సగటు వోల్టేజి సూత్రంలోని కొసైన్ అప్పుడే అర్థమవుతుంది.

ప్రమాదమూ అక్కడే ఉంది. సాధారణ సీఆర్‌ఓలో రెండు ఛానెళ్ల గ్రౌండ్ లోపల ఒక్కటే. ఆ గ్రౌండ్ క్లిప్పులను వేర్వేరు పాయింట్లకు తగిలిస్తే షార్ట్ సర్క్యూట్. అందుకే ఆ క్లిప్పులు ఒకే పాయింట్‌కు ఉండాలని, ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టనిదే సప్లై ఇవ్వకూడదని మొదటి రోజే గట్టిగా చెప్పాలి.

మూడో ఏడాది ల్యాబ్‌లో ఎస్‌సీఆర్, మాస్‌ఫెట్, ఐజీబీటీ లక్షణాలు, గేట్ ఫైరింగ్ సర్క్యూట్లు, ఏసీ వోల్టేజి కంట్రోలర్, సైక్లోకన్వర్టర్ వంటి ప్రయోగాలుంటాయి. తర్వాత పీస్పైస్ వంటి సిమ్యులేషన్లూ చేరాయి. అవి మంచివే, కానీ వేడెక్కే హీట్‌సింక్‌ను అవి చూపవు.

ల్యాబ్‌లో చూసే ఈ కన్వర్టర్ సూత్రమే పెద్ద ఎత్తున విశాఖ గాజువాకలో పనిచేస్తోంది. తూర్పు, దక్షిణ గ్రిడ్‌లను కలిపే అక్కడి హెచ్‌వీడీసీ (హై వోల్టేజి డీసీ) కేంద్రంలో ఒక్కోటి 500 మెగావాట్ల రెండు విభాగాలు 1999, 2005లో వచ్చాయి. వాటిలోని థైరిస్టర్ వాల్వులు కూడా ల్యాబ్ బల్లమీది ఎస్‌సీఆర్ లాగే గేట్ పల్స్ అందినప్పుడే ఆన్ అవుతాయి.