గుండెచప్పుడుతో మొదలైన రికార్డు

1971 చివరి రోజులు. లండన్‌లోని కామ్డెన్ ప్రాంతంలో డ్రమ్మర్ నిక్ మేసన్ ఇంటి వంటగదిలో రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ నలుగురూ కూర్చుని, రాబోయే పర్యటనలో కొత్తగా ఏం వాయించాలా అని మాట్లాడుకుంటున్నారు. బేస్ గిటారిస్టు రోజర్ వాటర్స్ ఒక ఆలోచన ముందు పెట్టాడు. విడివిడి పాటలు వద్దు, మొదటి నుంచి చివరిదాకా తెగకుండా సాగే ఒకే రచన చేద్దాం, మనిషికి మతి తప్పించే సంగతుల చుట్టూ దాన్ని అల్లుదాం అన్నాడు. పరుగెత్తే కాలం, డబ్బు, ఎడతెగని ప్రయాణాలు, చావు భయం, యుద్ధం. 1973 మార్చిలో వచ్చిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'కి బీజం పడింది అక్కడే.

మతి తప్పడం వాళ్ళకు పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. బృందానికి పేరు పెట్టినవాడు, తొలి రోజుల్లో పాటలు రాసినవాడు సిడ్ బారెట్. కీర్తి వచ్చిన ఏడాదిలోపే అతని మనసు చెదిరింది. వేదిక మీద గిటారు మెడలో వేసుకుని ఊరికే నిలబడిపోయేవాడు. 1968లో అతను బృందం నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. అతని స్థానంలోకి వచ్చిన డేవిడ్ గిల్మర్ అతని చిన్ననాటి స్నేహితుడే. వాటర్స్‌దీ అదే ఊరు, కేంబ్రిడ్జ్. ఆల్బమ్ చివర్లో వచ్చే 'బ్రెయిన్ డ్యామేజ్' పాటకు మూలం బారెట్.

పాటలన్నీ అప్పటికప్పుడు పుట్టినవి కావు. ఇటాలియన్ దర్శకుడు ఆంటోనియోని 'జబ్రిస్కీ పాయింట్' సినిమా కోసం కీబోర్డు వాద్యకారుడు రిక్ రైట్ ఒక పియానో రచన చేస్తే, ఆ దర్శకుడు దాన్ని పక్కన పెట్టేశాడు. రెండేళ్ళకు పైగా మూలన పడి ఉన్న ఆ బాణీయే 'అస్ అండ్ దెమ్' అయింది. 'బ్రీత్' అన్న పాట తొలి మాటలను వాటర్స్ 1970లోనే 'ద బాడీ' అనే డాక్యుమెంటరీ సంగీతంలో వాడుకున్నాడు. పాత ముక్కలు ఇన్ని చేరినా వినేటప్పుడు అతుకు కనిపించదు.

అందుకు ముఖ్యకారణం ఒకటుంది. ఈ రచన స్టూడియోకు వెళ్ళకముందే వేదిక ఎక్కింది. 1972 జనవరి 20న బ్రైటన్ డోమ్‌లో తొలిసారి వినిపించబోతే 'మనీ' దగ్గర సాంకేతిక ఇబ్బంది వచ్చి ప్రదర్శన మధ్యలో ఆగిపోయింది. నెల తర్వాత లండన్ రెయిన్‌బో థియేటర్లో పూర్తిగా వినిపించారు. ఎవరో దాన్ని దొంగచాటుగా రికార్డు చేసి డిస్కులుగా అమ్మేశారు కూడా. ఈలోగా మెడిసిన్ హెడ్ అనే మరో బృందం ఇదే పేరుతో ఆల్బమ్ తేవడంతో కొన్నాళ్ళు 'ఎక్లిప్స్' అని పిలుచుకున్నారు. ఆ ఆల్బమ్ ఎవరి కంటా పడకుండా పోయాక పాత పేరుకే వచ్చారు. ఇలా ఏడాది పాటు ఊరూరా వాయిస్తూ, జనం ఎక్కడ కదులుతున్నారో ఎక్కడ నీరసిస్తున్నారో చూస్తూ సరిదిద్దుకున్న సంగీతం ఇది. స్టూడియోలోనే కూర్చుని రాసుకుని ఉంటే ఇంత బిగువు వచ్చేది కాదు.

రికార్డింగు 1972 మే నెలాఖరు నుంచి 1973 ఆరంభం దాకా లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో విడతలు విడతలుగా సాగింది. మధ్యలో అమెరికా పర్యటనలు. ఫుట్‌బాల్ పోటీలున్న రోజుల్లో పని త్వరగా కట్టేసేవారు. టీవీలో మాంటీ పైథాన్ హాస్య కార్యక్రమం వచ్చే వేళకూ అంతే. ఇంజనీరుగా కూర్చున్న ఆలన్ పార్సన్స్‌కి అప్పుడు ఇరవై మూడేళ్ళు. స్టూడియో ఇచ్చే వారం జీతం మీద పనిచేసే ఉద్యోగి.

కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో శబ్దాన్ని చేత్తో కోసి అతికించాలి. 'మనీ' మొదట్లో వినిపించే గలగలల కోసం వాటర్స్ భార్య జూడీ కుండల పనికి వాడుకునే పెద్ద గిన్నెలో చిల్లర నాణేలు విసిరారు. కాగితం చింపిన చప్పుడు, దుకాణం గల్లాపెట్టె మోత తోడయ్యాయి. ఒక్కో చప్పుడున్న టేపును స్కేలుతో కొలిచి, బ్లేడుతో కోసి, గుండ్రంగా అతికించి మైకు స్టాండుల చుట్టూ తిప్పుతూ వాయించారు. ఆ పాట లెక్క ఏడు. మిశ్రచాపు అలవాటైన చెవికి అది వెంటనే అందుతుంది, పాశ్చాత్య రాక్ సంగీతంలో మాత్రం అరుదు. గిటారు సోలో దగ్గరికొచ్చేసరికి నాలుగు లెక్కలకు మారి, తర్వాత మళ్ళీ ఏడుకొస్తుంది. ఆ మలుపులో ఒంట్లో కలిగే ఊపు కోసమే పాటను మళ్ళీ మళ్ళీ పెట్టుకునేవాళ్ళున్నారు.

'టైమ్' ఆరంభంలో ఒక్కసారిగా మోగే గడియారాలు పార్సన్స్ తెచ్చినవి. నాలుగు స్పీకర్ల పద్ధతిని ప్రదర్శించే ఒక రికార్డు కోసం అతను పాత గడియారాల దుకాణంలో ఒక్కోదాన్నీ విడిగా రికార్డు చేసి పెట్టుకున్నాడు. 'ఆన్ ద రన్' అంతా ఒక చిన్న సింథసైజర్‌లో ఎనిమిది స్వరాలు ఎక్కించి వేగం పెంచడంతో పుట్టింది. ఇక ఆల్బమ్‌ను తెరిచి మూసే గుండెచప్పుడు మేసన్ బేస్ డ్రమ్ముది.

మధ్యమధ్య వినిపించే మాటల వెనక వాటర్స్ చేసిన చక్కటి పని ఉంది. కార్డుల మీద ప్రశ్నలు రాసి, స్టూడియోలో ఎవరు దొరికితే వాళ్ళను కూర్చోబెట్టి జవాబులు రికార్డు చేశాడు. చావంటే భయమా? చివరిసారి ఎవరినైనా ఎప్పుడు కొట్టావు? అప్పుడు నువ్వు చేసింది సరైనదేనా? పక్క గదిలో పనిచేస్తున్న బీటిల్స్ మాజీ సభ్యుడు పాల్ మెక్‌కార్ట్నీ కూడా జవాబులిచ్చాడు. మాటలు మరీ జాగ్రత్తగా ఉన్నాయని అతన్ని తీసుకోలేదు. చావుకు భయమెందుకని నింపాదిగా అడిగిన స్టూడియో గుమ్మం కాపలాదారు జెర్రీ ఓడ్రిస్కాల్‌ను మాత్రం ఉంచారు. ప్రపంచ ప్రసిద్ధుడి గొంతు వదిలి కాపలాదారు గొంతు ఎంచుకోవడంలో ఈ ఆల్బమ్ స్వభావమంతా ఉంది.

అట్ట మీద బొమ్మ చిత్రకారుడు జార్జ్ హార్డీ గీశాడు. సాదాగా, కొట్టొచ్చినట్టు కనిపించేదేదైనా చేయమని రైట్ కోరితే, హిప్నోసిస్ డిజైన్ సంస్థకు చెందిన స్టార్మ్ థార్గర్సన్‌కు భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకంలోని పట్టకం బొమ్మ తట్టింది. బృందం నిమిషాల్లో ఒప్పుకుంది. నల్లటి నేల, తెల్లటి కిరణం, అవతల రంగులు. లెక్కపెడితే ఆ రంగులు ఆరే, ఏడు కాదు. ముందు అట్ట మీద బృందం పేరూ లేదు, ఆల్బమ్ పేరూ లేదు.

అమెరికాలో దీన్ని నిలబెట్టినవాడు భారతీయుడు. తిరువనంతపురంలో పుట్టి, మన హెచ్.ఎం.వి. రికార్డులు తయారుచేసిన గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియాను నడిపిన భాస్కర్ మీనన్ అప్పటికి క్యాపిటల్ రికార్డ్స్ అధిపతి. పింక్ ఫ్లాయిడ్ అమెరికాలో తర్వాతి ఆల్బమ్‌ల కోసం వేరే కంపెనీ వైపు వెళ్ళిపోతున్నా, ఆయన ఈ ఒక్కదాని ప్రచారానికి సర్వశక్తులూ ఒడ్డాడు. 'మనీ' అక్కడ సింగిల్‌గా వచ్చి రేడియోల్లో మారుమోగింది. 1973 ఏప్రిల్ 28న ఆల్బమ్ బిల్‌బోర్డ్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానం చేరింది, ఒక్క వారమే. కానీ 1988 దాకా మొత్తం 741 వారాలు ఆ పట్టికలోనే ఉంది.

ఇన్నేళ్ళ ఆదరణకు శబ్దాల గమ్మత్తు ఒక్కటే చాలదు. అదే కాలంలో అంతకన్నా ఆర్భాటమైన రికార్డులు చాలా వచ్చి మరుగునపడ్డాయి. మునుపటి ఆల్బమ్‌ల చిక్కుముడి కవిత్వాన్ని వాటర్స్ ఇక్కడ పూర్తిగా వదిలేశాడు. బతుకు రేపు మొదలవుతుందని ఎదురుచూస్తూ పదేళ్ళు పోగొట్టుకున్న మనిషి గురించి, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో సూటి మాటల్లో రాశాడు. పదహారేళ్ళప్పుడు గిటారు కోసం విన్నవాళ్ళు నలభైలో ఆ మాటల కోసం వింటారు. పాటలు తమ శ్రోతతో పాటు వయసు పెంచుకోవడం అపురూపం.

మాటలే లేని పాట కూడా ఇందులో ఒకటుంది, 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'. రైట్ పియానో మీద ఒక గొంతు కావాలనుకుని, 1973 జనవరిలో ఒక ఆదివారం క్లేర్ టోరీ అనే యువగాయనిని పిలిపించారు. ఇది చావు గురించిన పాట అన్నారు, మాటలు మాత్రం ఇవ్వలేదు. తన గొంతునే ఒక వాద్యమనుకుని ఆమె ఆలాపన అందుకుంది. కాసేపట్లోనే ముగించి, బాగా పాడలేదేమోనన్న బెరుకుతో వెళ్ళిపోయింది. ఇచ్చింది 30 పౌండ్లు, అదీ ఆదివారం కాబట్టి రెట్టింపు. ఆ ఆలాపన కూడా సంగీత రచనే కదా అంటూ 2004లో ఆమె కోర్టుకెళ్ళింది. మరుసటి ఏడాది బయట రాజీ కుదిరింది. అప్పటి నుంచి అచ్చయిన ప్రతుల్లో ఆ పాట స్వరకర్తలుగా రైట్ పేరు పక్కన క్లేర్ టోరీ పేరు కూడా ఉంటోంది.