వాద్యకారుడు - ఆచార్యుడు

కణేకల్లువంటి మన కరవుసీమ గ్రామములలో సన్నాయి మ్రోగనిదే పెండ్లి పెండ్లి కాదు. అయినను ఆ విద్యను వంశముదాటనీయకుండుట వాద్యకారుల యలవాటు. వారిని వాకిటనే నిలుపుట మన యలవాటు.

ఈ రెండు గోడలను దాటిన చరిత్ర షేక్ చినమౌలానా సాహేబుగారిది. వీరు 1924లో ఒంగోలు చెంత కరవదిలో నాదస్వర విద్వాంసుల వంశమున జన్మించిరి. చిలకలూరిపేట ఆదం సాహేబుగారివద్ద అభ్యసించి, తంజావూరు బాణికై తమిళదేశమేగి, తుదకు శ్రీరంగమున స్థిరపడిరి. 1982లో నచ్చటనే శారదా నాదస్వర సంగీతాశ్రమమును నెలకొల్పి శిష్యులను తీర్చిరి. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారు ‘సంగీత కళానిధి’ బిరుదమొసంగిరి. 1999లో వీరు కీర్తిశేషులైరి.

మహమ్మదీయు డూదిన మంగళనాదమును దేవుడు కాదనలేదు. మనమేల యెడము పాటింపవలెను? బిరుదము మనుష్యునితో ముగియును, నేర్పిన విద్య నిలుచును. కావున మన యూరి సన్నాయివానిని పంక్తిలో గూర్చుండబెట్టుకొని, తన బిడ్డలకేగాక యెల్లర బిడ్డలకును నేర్పుమని వేడుదము.