పనిచేసే చోట రుతువిరతి

రుతువిరతి అనగా స్త్రీలలో నెలసరి శాశ్వతంగా ఆగిపోవడం. దీనిని ముట్లుడుగుట అని కూడా అంటారు. మెనోపాజ్ అనే ఆంగ్లపదం కూడా వాడుకలో ఉన్నది. వేరే కారణమేదీ లేకుండా వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే రుతువిరతి వచ్చినట్లు పరిగణిస్తారు. ఎక్కువమందికి ఇది 45-55 సంవత్సరాల మధ్య వస్తుంది. ఉద్యోగంలో అనుభవం పండి, పెద్ద బాధ్యతలు స్వీకరించే వయసు కూడా ఇదే. అందువలన రుతువిరతి వైద్యానికి మాత్రమే కాక పనిచేసే చోటుకు కూడా సంబంధించిన విషయం. దీనిపై చట్టపరమైన చర్చ ఎక్కువగా జరిగిన దేశాలలో బ్రిటన్ ఒకటి. ఈ వ్యాసంలో ముఖ్యంగా బ్రిటన్ అనుభవం, చివరగా తెలుగు రాష్ట్రాల పరిస్థితి వివరించబడినవి.

శరీరంలో మార్పులు

వయసు పెరిగేకొద్దీ అండాశయాలలో అండాల సంఖ్య తగ్గి, ఈస్ట్రోజెన్ హార్మోను ఉత్పత్తి హెచ్చుతగ్గులకు లోనై క్రమంగా క్షీణిస్తుంది. నెలసరి పూర్తిగా ఆగడానికి కొన్ని సంవత్సరాల ముందునుంచే లక్షణాలు మొదలుకావచ్చు. శస్త్రచికిత్సలో రెండు అండాశయాలను తొలగిస్తే ఏ వయసులోనైనా రుతువిరతి ఒక్కసారిగా వస్తుంది. లక్షణాలు అందరిలో ఒకే విధంగా ఉండవు. కొందరికి ఇబ్బందే తెలియదు. మరికొందరిని సంవత్సరాల తరబడి బాధిస్తాయి.

పనిపై ప్రభావం

* ఒంట్లో వేడి ఆవిర్లు: ముఖం, మెడ, ఛాతీ హఠాత్తుగా వేడెక్కి చెమటలు పోస్తాయి. గాలి ఆడని గదులలోనూ, నైలాను వంటి కృత్రిమ నూలు యూనిఫారాలలోనూ బాధ మరింత ఎక్కువ.
* నిద్రలేమి: రాత్రి చెమటల వలన నిద్ర చెడి, పగలు అలసట కలుగుతుంది.
* మతిమరుపు, ఏకాగ్రత లోపించడం: తెలిసిన మాట సమయానికి నోటికి రాదు. ఇది చాలామందిలో తాత్కాలికమే.
* అధిక రక్తస్రావం: నెలసరి ఆగడానికి ముందు కొందరికి రక్తస్రావం ఎక్కువై, తరచుగా మరుగుదొడ్డికి వెళ్ళవలసి వస్తుంది.
* కీళ్ళ నొప్పులు, గుండె దడ, ఆందోళన.

వీటిలో చాలావరకు పైకి కనిపించవు. ఉద్యోగిని చెప్పుకోవడానికి సంకోచిస్తుంది, పై అధికారి అడగడానికి మొహమాటపడతాడు. ఈ మౌనం వలన శరీరంలోని మార్పు కాస్తా నిర్లక్ష్యంగానో, అసమర్థతగానో నమోదవుతుంది.

బ్రిటన్ చట్టాలు

2010 నాటి సమానత్వ చట్టం పేర్కొన్న రక్షిత లక్షణాలలో రుతువిరతి లేదు. అయితే వయసు, లింగం, వైకల్యం ఆ జాబితాలో ఉన్నాయి. రుతువిరతి కారణంగా వివక్షకు గురైన స్త్రీలు ఈ మూడింటిలో ఏదో ఒకదాని కింద న్యాయం కోరుతారు. లక్షణాలు దైనందిన జీవితానికి గణనీయంగా అడ్డుపడుతూ 12 నెలలు లేదా అంతకంటే ఎక్కువ కాలం కొనసాగితే వాటిని వైకల్యంగా గుర్తించే అవకాశమున్నది. అప్పుడు తగిన సర్దుబాట్లు చేయడం యజమాని బాధ్యత అవుతుంది.

ముఖ్యమైన తీర్పులు

* 2012: పనితీరు బాగాలేదని ఉద్యోగం కోల్పోయిన ఒక స్త్రీ కేసు. ఆమె వైద్యుని లేఖ సమర్పించినా అధికారి వైద్యపరమైన విచారణ జరిపించలేదు. మరొక రకమైన అనారోగ్యమైతే ఆయన ఇలా వ్యవహరించి ఉండేవాడు కాదని భావించిన ట్రైబ్యునల్, దీనిని లింగ వివక్షగా నిర్ణయించింది.
* 2018: స్కాట్లాండులో 20 సంవత్సరాలు పనిచేసిన ఒక న్యాయస్థాన ఉద్యోగిని కేసు. ఆమె నీటిలో కలుపుకొని తాగే మందు వాడేది. తన కూజాలోని నీళ్ళు ఇద్దరు వ్యక్తులు తాగారనుకొని, అందులో మందు ఉండవచ్చునని వారిని హెచ్చరించింది. తరువాత ఆ నీటిలో మందు లేదని తేలడంతో, అబద్ధమాడిందని ఆమెను తొలగించారు. రుతువిరతి వలన ఆమెకు మతిమరుపు, గందరగోళం ఉన్న సంగతిని యజమాని సరిగా లెక్కలోకి తీసుకోలేదని ట్రైబ్యునల్ తప్పుపట్టింది. ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలని ఆదేశించింది.
* 2021: రుతువిరతి లక్షణాలు వైకల్యం నిర్వచనం కిందికి రావచ్చునని ఉపాధి అప్పీలు ట్రైబ్యునల్ స్పష్టం చేసింది.

ప్రభుత్వ చర్యలు

2022 జూలైలో పార్లమెంటు దిగువసభకు చెందిన మహిళా, సమానత్వ కమిటీ ఈ విషయంపై నివేదిక వెలువరించింది. రుతువిరతిని రక్షిత లక్షణంగా చేర్చే విషయమై ప్రజాభిప్రాయం సేకరించాలని, ప్రత్యేక సెలవును ప్రయోగాత్మకంగా అమలు చేయాలని సూచించింది. 2023 జనవరిలో ప్రభుత్వం ఈ రెండు సూచనలనూ అంగీకరించలేదు. 2023 మేలో బ్రిటిష్ ప్రమాణాల సంస్థ పని ప్రదేశాల కొరకు బి.ఎస్. 30416 అనే ప్రమాణాన్ని ప్రచురించింది. 2025 నాటి ఉపాధి హక్కుల చట్టం, 250 లేదా అంతకంటే ఎక్కువమంది ఉద్యోగులున్న సంస్థలు రుతువిరతి విషయంలో తమ కార్యాచరణను ప్రకటించేలా నిబంధనలు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది.

ఉపయోగపడే సర్దుబాట్లు

* బల్లమీద ఫ్యాను, కిటికీ దగ్గర కూర్చునే చోటు, చల్లని తాగునీరు.
* నూలు యూనిఫారం, మార్చుకోవడానికి అదనంగా మరొక జత.
* దగ్గరలో శుభ్రమైన మరుగుదొడ్డి, అడిగినప్పుడు విరామం.
* నిద్ర చెడిన మరునాడు ఆలస్యంగా వచ్చే వీలు.
* అధికారులకు శిక్షణ, చెప్పిన విషయం గోప్యంగా ఉంచడం.

వీటిలో చాలావాటికి ఖర్చు స్వల్పం. సుశిక్షితురాలైన ఉద్యోగిని మానివేస్తే కలిగే నష్టం అంతకంటే ఎక్కువ.

భిన్నాభిప్రాయాలు

ప్రత్యేక సెలవులు కల్పిస్తే యజమానులు నడివయసు స్త్రీలను నియమించడానికి వెనుకాడతారని కొందరి వాదన. రుతువిరతి ఒక సహజదశ అనీ, దానిని వైకల్యమని పిలవడం అవమానకరమనీ మరికొందరు భావిస్తారు. అడిగినవారికి సహాయం అందాలి గాని, ప్రతి స్త్రీనీ రోగిగా చూడరాదన్నది మధ్యేమార్గం.

తెలుగు రాష్ట్రాలలో

భారతదేశంలో సహజ రుతువిరతి సగటున 46-47 సంవత్సరాలకే వస్తుంది. తెలుగు రాష్ట్రాలలో దీనికి గర్భసంచి తొలగింపు సమస్య తోడైనది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 సంవత్సరాల స్త్రీలలో గర్భసంచి తొలగింపు చేయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. గర్భసంచి మాత్రమే తొలగిస్తే నెలసరి ఆగుతుంది గాని అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి. వాటిని కూడా తీసివేస్తే చిన్న వయసులోనే రుతువిరతి వచ్చి, ఎముకలు గుల్లబారే ప్రమాదం పెరుగుతుంది. అనవసరమైన గర్భసంచి తొలగింపులపై 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రప్రభుత్వ మార్గదర్శకాలను అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ప్రసూతి సెలవుకు, లైంగిక వేధింపుల నివారణకు చట్టాలున్నట్లుగా, రుతువిరతి కొరకు భారతదేశంలో ప్రత్యేక కేంద్ర చట్టం లేదు. ఎండలో వంగి నాట్లు వేసే కూలీకి యూనిఫారం ఉండదు, ఫిర్యాదు చేయడానికి అధికారీ ఉండడు, మానుకున్న రోజుకు కూలి ఉండదు. కాబట్టి కార్యాలయాలకు తగిన సర్దుబాట్లు ఆమెకు చాలవు. నీడ, తాగునీరు, మరుగుదొడ్డి, ఊరిలోనే నమ్మకమైన వైద్య సలహా ఆమెకు మొదటి అవసరాలు.

ఇవి కూడా చూడండి

* ఋతుచక్రం
* అండాశయం
* గర్భాశయం
* ఈస్ట్రోజెన్