కర్నల్ సంతోష్ బాబుగారు: వీరజీవితము, గృహధర్మము



సత్రములు కట్టించినవారిని, చెరువులు త్రవ్వించినవారిని, విద్యార్థి వసతిగృహములకు నిధులొసగినవారిని మన ఆర్యవైశ్య సంఘము వార్షిక సంచికలయందు కొనియాడుట పరిపాటి. అది మిక్కిలి యుచితము. సొమ్ము గడించుటకంటె దానిని సద్వినియోగము చేయుట కష్టమని యెరిగినవారము గనుక, అట్టి దాతలను మరువక స్మరింతుము. కాని యీ సంచికయందు మేము వ్రాయబూనిన చరిత్రము వేరొక తెరగునది. త్రాసు పట్టిన చేతులుగల సంఘమున జనించి, ఖడ్గధర్మము నవలంబించి, హిమవత్పర్వతముల నడుమ ప్రాణములర్పించిన యొక గృహస్థుని చరిత్ర మిది. ఆయనయే మహావీరచక్ర బిరుదాంకితులగు కీర్తిశేషులు కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబుగారు.

ఆయన సూర్యాపేటవారు. మన ఉప్పునుంతల సీమకును సూర్యాపేటకును దూర మంత యెక్కువ కాదు. మన దుందుభియు వారి మూసియు తుదకు కృష్ణవేణిలోనే కలియుచున్నవి. కావున ఈ చరిత్రము పరదేశ వృత్తాంతము కాదు, పొరుగింటి వృత్తాంతమే యని పాఠకులు గ్రహింతురుగాక.

ముందుగా కొంత పూర్వచరిత్ర చెప్పవలసియున్నది. పదునెనిమిదవ శతాబ్దమున ఈస్టిండియా కంపెనీవారు తెలుగుసీమనుండి సిపాయిలను విరివిగా చేర్చుకొనిరి. ఆ దళములు వంగదేశమునకు పోగా, ఉత్తరాదివారు కంపెనీ సిపాయిని ‘తిలంగా’ యని పిలువసాగిరి. పిమ్మట సిపాయి యే దేశమువాడైనను ఆ పేరే నిలిచెను. ఒకప్పుడు తెలుగువాడనగా సైనికుడని యర్థము వచ్చునంతటి ప్రసిద్ధి మనకు కలిగియుండెను. 1857 సంవత్సరపు తిరుగుబాటు తరువాత ఆంగ్లాధికారులు ‘యుద్ధజాతు’లను నొక సిద్ధాంతమును లేవదీసిరి. ఉత్తరాదిని కొన్ని జాతులవారే పోరాటమునకు తగుదురనియు, దక్షిణాదివారు తగరనియు నిర్ణయించి, తెలుగు దళములను క్రమముగా తగ్గించిరి. పరులు మన నుదుట వ్రాసిన యీ వ్రాతను మనమును నమ్మితిమి. అందునను వర్తకవృత్తిగల కుటుంబములయందు ‘మనకేల యుద్ధములు, మనకేల పటాలములు’ అను మాట సామెతవలె పాతుకొనిపోయెను.

ఈ మాట సంతోష్ బాబుగారి తండ్రిగారికిని వినబడినదే. ఆయన యౌవనమున తానే సైన్యమున చేరి దేశసేవ చేయగోరిరి. బంధువులు వలదని నిరుత్సాహపరచిరి. ఆయన బ్యాంకు కొలువులో చేరి, తన కోరికను మనస్సుననే దాచుకొని, తనకు దక్కనిది తన కుమారునకు దక్కవలెనని సంకల్పించిరి. ఈ సంగతి ఆయనయే 2020 సంవత్సరమున, కుమారుని గోల్పోయిన దినములలో, పత్రికలవారితో చెప్పియుండిరి. మనకందరకు తెలిసిన యొక గృహచరిత్ర యిందులో నున్నది. ఎందరు తండ్రులు తమ కోరికను చంపుకొని, కుమారుని కోరికనుగూడ చంపివేయలేదు! ఈ తండ్రి యట్లు చేయలేదు. తన్ను ఆపిన చేతులను తన బిడ్డమీదికి రానీయలేదు.

సంతోష్ బాబుగారు 1983 సంవత్సరమున జన్మించిరి. ప్రాథమిక విద్య లక్సెట్టిపేటలో ముగించి, ఆరవ తరగతిలో విజయనగరము చెంతనున్న కోరుకొండ సైనిక పాఠశాలయందు ప్రవేశించిరి. 1962 సంవత్సరమున, విజయనగర ప్రభువులొసగిన కోరుకొండ భవనమున వెలసిన విద్యాలయ మది. ఆ కాలమున తెలుగుసీమకంతకు సైనిక పాఠశాల అదియొక్కటియే. పదియేండ్ల బాలుడు తల్లి చేతి యన్నము విడిచి, వందలమైళ్ళ దూరమున తెల్లవారకమునుపే లేచి కవాతు చేయుట సామాన్యము కాదు. ఆ బాలుని పంపిన తల్లికిని అది సామాన్యము కాదు. ఈయన యింటినుండి వెడలిన దినము ఆ దినమే యని చెప్పవలెను. తరువాత సెలవులకు వచ్చుటయేకాని, నిలిచి యుండుట లేదు.

కోరుకొండనుండి ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ విద్యాలయమునకును, అచ్చటినుండి డెహ్రాడూనులోని సైనిక విద్యాలయమునకును పోయి, 2004 డిసెంబరులో ఆయన అధికారిగా నియుక్తులైరి. చేరినది 16వ బీహారు పటాలము. బీహారు రెజిమెంటు 1941 సంవత్సరమున వెలసినది. అందు బీహారీలును, ఝార్ఖండు ప్రాంతపు గిరిజనులును విశేషముగా నుందురు. ‘జై బజరంగబలీ’ యనియు, ‘బిర్సా ముండా కీ జై’ యనియు వారి రణనాదములు. తెలుగు సిపాయిని ‘తిలంగా’ యని పిలిచిన ఆ సీమ బిడ్డలకే మరల నొక తెలంగాణమువాడు నాయకుడగుట చరిత్ర చేసిన చమత్కారము. పదునైదేండ్లు సైన్యమున సేవచేసి, 2019 డిసెంబరులో ఆయన ఆ పటాలపు సేనానాయకత్వమును వహించిరి. భాష వేరు, భోజనము వేరు, కులము వేరు. అయినను ఆ వందలాది జవానులకు తండ్రివలె వ్యవహరించుట ఆ పదవి ధర్మము.

ఆయన గృహజీవితమునుగూర్చి లోకమునకు తెలిసినది స్వల్పము. ఆ స్వల్పమే చాలును. ఆయన తల్లిదండ్రులకు ఏకైక పుత్రుడు. తల్లిదండ్రులు సూర్యాపేటలో, భార్యయు ఇరువురు పసిబిడ్డలును ఢిల్లీలో, ఆయన లదాఖులో. ఇట్లు ఒక కుటుంబము మూడు తావుల నుండెను. హైదరాబాదునకు బదిలీయై తనవారి చెంతకు వచ్చుటకు ఆయన యెదురుచూచుచుండిరి. ఆ సంవత్సరపు కరోనా మహమ్మారివలనను, సరిహద్దున రేగిన కలతవలనను ఆ రాక ఆలస్యమయ్యెను. మరణమునకు ముందునాడు ఆయన తల్లితో ఫోనులో ముచ్చటించిరి. సరిహద్దు వార్తలు విని తల్లి దిగులుపడగా, వినవచ్చు ప్రతిమాటను నమ్మవలదని ఆమెను ఊరడించిరట. తానున్న స్థితి యెట్టిదో ఆయనకు తెలియును. అయినను తల్లి భయమును తీర్చుటయే ఆ క్షణమున తన ధర్మమని తలచిరి. కుటుంబవత్సలుడనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఇక గల్వాన్ వృత్తాంతము. గల్వాన్ అనునది లదాఖునందు శ్యోక్ నదిలో కలియు నొక యేరు. గులాం రసూల్ గల్వాన్ అను లదాఖీ మార్గదర్శి పేరు దానికి వచ్చినది. ఆ లోయ సుమారు 14,000 అడుగుల యెత్తున నున్నది. అచ్చట ఊపిరి తీయుటయే యొక పని. 1962 చీనా యుద్ధమునందును ఆ లోయ పేరు వినబడినదే. 2020 మే నెలనుండి వాస్తవాధీన రేఖవెంబడి ఉభయసేనలును ఎదురెదురుగా నిలిచెను. జూన్ 6వ తేదీన ఉన్నత సేనాధికారులు కూర్చుండి మాటలాడి, వెనుకకు తగ్గుటకు అంగీకరించుకొనిరి. ఆ యంగీకారము అమలు కావలసిన దినములలో, జూన్ 15వ తేదీ రాత్రి, ఘర్షణ పుట్టెను.

1996 సంవత్సరపు ఒడంబడిక ననుసరించి ఆ రేఖకు రెండు కిలోమీటర్లలోపల తుపాకి పేల్చరాదు. కావున ఆ రాత్రి జరిగినది తుపాకి యుద్ధము కాదు. రాళ్ళతోను, ఇనుపకడ్డీలతోను, మేకులు దిగగొట్టిన దుడ్డుకర్రలతోను, చీకటిలో, గడ్డకట్టు చలిలో, ఏటి యొడ్డున జరిగిన ముఖాముఖి పోరాటము. శత్రువునకెదురుగా పరిశీలనస్థావరమును నెలకొల్పు బాధ్యత సంతోష్ బాబుగారిపై నుండెను. ఆయన తీవ్రముగా గాయపడియు, వెనుకకు మరలక, ముందునిలిచి తనవారిని నడపుచు తుదిశ్వాస విడిచిరని పురస్కార ప్రశస్తి చెప్పుచున్నది. ఆ ఘర్షణలో మనవారు 20 మంది యసువులు బాసిరి. తమవారు నలుగురు మరణించిరని చీనా ప్రభుత్వము 2021 ఫిబ్రవరిలో ఒప్పుకొనెను. ఆ రేఖపై ప్రాణనష్టము కలుగుట 1975 తరువాత అదియే మొదలు. అప్పటి కాయన వయస్సు 37 సంవత్సరములు.

జూన్ 17వ తేదీన పార్థివదేహము విమానముపై హకీంపేటకు వచ్చి, సూర్యాపేట చేరెను. మరునాడు పట్టణసమీపమున తమ కుటుంబమువారి వ్యవసాయక్షేత్రమున సైనిక లాంఛనములతో అంత్యక్రియలు జరిగెను. మహమ్మారి కాలమగుటచే జనసమ్మర్దమునకు కట్టడి యుండెను. అయినను దారిపొడవున పూలు చల్లినవారు లెక్కకు మిక్కిలి. తల్లిగారు ఆ దినములలో పలికిన మాటల భావమును ఇచ్చట చెప్పక తప్పదు. దేశముకొరకు ప్రాణమిచ్చిన కుమారునిగూర్చి గర్వమనియు, ఉన్న యొక్క కుమారుడును పోయెనని తల్లిగా దుఃఖమనియు ఆమె చెప్పిరి. ఈ రెండు మాటలను ఆమె ఒకదానిచే నొకటి కప్పలేదు. గర్వమును మాత్రమే గైకొని దుఃఖమును విడిచిపెట్టు ఉపన్యాసకులము మనము కారాదు.

తెలంగాణ ప్రభుత్వము ఆ కుటుంబమునకు 5 కోట్ల రూపాయలును, హైదరాబాదు బంజారాహిల్సులో ఇంటిస్థలమును, భార్యగారికి డిప్యూటీ కలెక్టరు ఉద్యోగమును ఒసగెను. తక్కిన 19 మంది వీరుల కుటుంబములకు, వారు ఏ రాష్ట్రమువారైనను, 10 లక్షల చొప్పున సాయము ప్రకటించెను. 2021 గణతంత్రదినోత్సవ సందర్భమున మహావీరచక్రము ప్రకటింపబడెను. యుద్ధశౌర్యమునకిచ్చు బిరుదములలో పరమవీరచక్రము తరువాతిది యదియే. ఆ సంవత్సరము నవంబరులో రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవిందుగారి చేతులమీదుగా తల్లియు భార్యయు దానిని స్వీకరించిరి. 2021 జూన్ 15న, ప్రథమ వర్ధంతినాడు, సూర్యాపేటలో ఆయన విగ్రహ మావిష్కరింపబడెను. ఢిల్లీలోని జాతీయ యుద్ధస్మారకముమీద ఆయన పేరు చెక్కబడియున్నది.

ఆ రాతిమీద ఆయన పేరు ఒంటరిగా లేదు. గల్వాన్ పోరాటమునకు మరణానంతరము వీరచక్రము పొందినవారిలో నాయబ్ సుబేదార్ నుదూరాం సోరెన్ ఒడిస్సా గిరిజనుడు. హవల్దార్ పళని తమిళుడు. నాయక్ దీపక్ సింగ్ మధ్యప్రదేశమువాడు. వైద్యసహాయకుడై, గాయపడిన ముప్పదిమందికి పైగా కట్లుకట్టి, తాను నేలకొరిగెను. సిపాయి గుర్‌తేజ్ సింగ్ పంజాబువాడు. వారి కులమేదని ఆ రాత్రి యెవ్వరు నడుగలేదు. మన సంఘ సంచికలో ఈ మాట వ్రాయుటకు మేము సంకోచింపము. ‘సంతోష్ బాబు మావాడు’ అని మనము చెప్పుకొనుట న్యాయమే. అయితే ఆయన మనవాడగుట ఇంటిపేరు చేతను, గోత్రముచేతను మాత్రమే యైనచో, ఆ గౌరవము మనము గడించినది కాదు, ఊరక లభించినది. ఆయన తండ్రి చేసినది మనము చేయగలిగిననాడే ఆయన నిజముగా మనవాడు.

ఉప్పునుంతల, అచ్చంపేట, కల్వకుర్తి ప్రాంతములవారికి ఈ విషయమును విడమరచి చెప్పనక్కరలేదు. వలస యననేమో పాలమూరు బిడ్డకు తెలిసినట్లు మరి యెవ్వరికిని తెలియదు. దేశమున ఎన్నియో ఆనకట్టలకు, కాలువలకు మన సీమ కూలీలు మట్టి మోసిరి. ముసలి తల్లిదండ్రులను, బిడ్డలను ఇంట విడిచి పోయినవాడు ఇంటిని మరచినవాడు కాడనియు, ఇంటికొరకే పోయినవాడనియు ఈ నేల యెరుగును. సైనికుని సంగతియు నట్టిదే. ఆయన విడిచిపోయిన యిల్లు ఒకటి, కాపాడబోయిన యిండ్లు కోట్లు. సంసారమునందలి మమకారమును, రణమునందలి నిబ్బరమును పరస్పర విరుద్ధములని తలచువారికి సంతోష్ బాబుగారి జీవితమే ప్రత్యుత్తరము. తండ్రి కోరికను నెరవేర్చుట పుత్రధర్మము. తల్లికి ధైర్యము చెప్పుట పుత్రధర్మము. తనను నమ్మిన జవానులను విడువకుండుట నాయకధర్మము. ఈ మూడింటికిని మూలము ఒక్కటే.

కావున మా విన్నపములు రెండు. మొదటిది: సైనిక పాఠశాలల ప్రవేశపరీక్షకు మన పిల్లలను సిద్ధపరచువారికి, అంగడి లెక్కలు చూచుకొనియైనను, సంఘము చేయూత నీయవలెను. 2022 నుండి జాతీయ రక్షణ విద్యాలయమున బాలికలకును ప్రవేశము కలిగినది గనుక కుమార్తెలనుగూడ మరువరాదు. పిల్లవాడు ‘నేను పటాలమునకు పోయెదను’ అన్ననాడు ఇంటిలోని పెద్దలు, బంధువులు వలదని చుట్టుముట్టక, ఒక్కసారి సూర్యాపేట తండ్రిని తలచుకొందురుగాక. రెండవది: మన గ్రామములయందు సైన్యమునకు బిడ్డను పంపిన యిల్లు, ఏ కులమువారిదైనను, పండుగనాడు పలుకరింపబడవలెను. విగ్రహమునకు పూలమాల సంవత్సరమున కొక్కసారి. ఆ యింటి తల్లిదండ్రులకు కష్టము ప్రతిదినము.

తూనికలో మోసము లేకుండుట మన వృత్తికి పేరు తెచ్చిన ధర్మము. సంతోష్ బాబుగారు తన ప్రాణమును త్రాసున నొకవైపు పెట్టి, దేశమును రెండవవైపు పెట్టి, తూకము తప్పక చూచిరి. వారి పుణ్యస్మృతికి మా నమస్కారములు. వారి తల్లిదండ్రులకు, సహధర్మచారిణికి, బిడ్డలకు భగవంతుడు ఆయురారోగ్యములు ప్రసాదించుగాక.

స్వస్తి.